తక్కువ డబ్బుతో వేట రైఫిల్: ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు

చౌక రైఫిల్ కొంటే గురి కుదరదేమోనన్న భయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. ఇప్పుడు బ్యారెల్ లోపల గాడులు వేసే పద్ధతులు మారిపోయాయి. గట్టి బటన్‌ను బ్యారెల్‌ గుండా లాగినా, బ్యారెల్‌ను చల్లగా ఉండగానే సుత్తులతో మలిచినా, పని వేగంగా అవుతుంది, కొలతలూ నిలకడగా వస్తాయి. అందుకే ధరలో ఉన్నంత తేడా బ్యారెల్‌లో ఉండదు. తయారీదారు డబ్బు మిగుల్చుకునేది స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే దిమ్మ), మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె), పైమెరుగు, కొన్ని మోడళ్లలో ట్రిగ్గర్ దగ్గర. ఇది తెలిస్తే మన డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 100 గజాల దగ్గర మూడు తూటాలు అంగుళంన్నర లోపల పడే రైఫిల్, 200 గజాల దగ్గర దాదాపు మూడు అంగుళాల్లో పడుతుంది. మామూలు జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. అంటే రైఫిల్ వల్ల వచ్చే తేడా పోను ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. ఆ చోటును తినేసేవి వేరే ఉన్నాయి: వదులైన స్కోప్ మౌంటు (గురి దుర్భిణిని రైఫిల్‌కు బిగించే పట్టు), మసక అద్దం, భుజం అదిరిపోతుందన్న భయంతో ముందే కళ్లు మూసుకోవడం, సాధన లేకపోవడం. అర అంగుళం గ్రూప్ (వరసగా కాల్చిన తూటాలు పడిన చోటి వెడల్పు) ఇచ్చే రైఫిల్ కోసం అప్పు చేయడం నా దృష్టిలో వృథా.

చేతిలో ఉన్న మొత్తాన్ని వంద భాగాలనుకుంటే రైఫిల్‌కు యాభై, యాభై అయిదు, స్కోపుకూ రింగులకూ ముప్పై, మిగిలింది తూటాలకు. మొత్తం డబ్బు రైఫిల్ మీదే పెట్టేసి, ఒక్క డబ్బా తూటాలతో అడవికి వెళ్లేవాళ్లకు ఏ రైఫిలూ సాయపడదు.

తూటా ఏదన్నది రైఫిల్ కంటే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే రైఫిల్ ఒక్కసారి కొంటాం, తూటాలు ఏటా కొంటాం. ఏ జంతువుకు కనీసం ఏ తూటా వాడాలో చాలా చోట్ల చట్టంలోనే ఉంటుంది. లైసెన్సుతో పాటు అదీ ముందే చూసుకోండి. ఆ తర్వాత చూడాల్సింది దొరకడం. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్, 1906 నాటి .30-06, 1955 నాటి .243, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్: ఇవి విరివిగా వాడుకలో ఉన్నవి, అందుకే వీటిలో సాధనకు సరిపడే చౌక రకాలూ ఉంటాయి. 7 ఎంఎం-08 చక్కటి తూటా, తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) తక్కువ, కానీ వీటంత సులభంగా దొరకదు.

తన్ను సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చౌక రైఫిళ్లు బరువు తక్కువగా ఉంటాయి, బరువు తగ్గేకొద్దీ భుజం మీద దెబ్బ పెరుగుతుంది. ఏడు పౌండ్ల రైఫిల్‌లో .30-06 తన్ను .243 తన్నుకు దాదాపు రెట్టింపు. కొత్తగా మొదలుపెట్టేవారికి జింక వరకే అవసరమైతే 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌తో .243 గానీ, 6.5 క్రీడ్‌మోర్ గానీ చాలు. అంతకంటే పెద్ద జంతువులూ లెక్కలో ఉంటే .308 తీసుకోండి. మాగ్నమ్ (మందు ఎక్కువ పట్టే, శక్తి ఎక్కువున్న) తూటాల జోలికి మాత్రం ఈ బడ్జెట్‌లో వెళ్లవద్దు. తూటా ఖరీదు ఎక్కువ, తన్ను ఎక్కువ, దాంతో సాధన తగ్గిపోతుంది.

కొత్తది కొనాలంటే బోల్ట్ యాక్షనే (ప్రతి తూటాకూ చేత్తో పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు నెట్టే రకం). సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియాట్ ఈ వరుసలో ఎక్కువగా వినిపించే పేర్లు. యాక్సిస్‌లో మొదటి రకం ట్రిగ్గర్ నొక్కడానికి గట్టిగా ఉంటుంది, దాన్ని సర్దుకునే వీలూ లేదు. యాక్సిస్ 2లో సర్దుకోగల అక్యూట్రిగ్గర్ ఉంది, ఆ కాస్త తేడా డబ్బు పెట్టడం దండగ కాదు. రూగర్ అమెరికన్ బోల్ట్‌ను 70 డిగ్రీలు ఎత్తితే చాలు, కాబట్టి స్కోప్‌ను కిందికి బిగించినా చేతికి అడ్డం రాదు. యాక్సిస్ మీద ఉన్న ట్రిగ్గర్ గట్టిగా ఉందని ఆకురాయి పట్టుకుని కూర్చోవద్దు. లోపలి అంచు ఒక్క వెంట్రుకవాసి అరిగినా బోల్ట్ మూయగానే పేలే ప్రమాదం ఉంది. మార్చాలనిపిస్తే తయారుగా దొరికే ట్రిగ్గర్ కొని బిగించుకోండి, లేదా ఖాళీ రైఫిల్‌తో డమ్మీ (మందు లేని) తూటా పెట్టి రోజూ నొక్కి అలవాటు చేసుకోండి.

ఈ రైఫిళ్లలో అందరికీ ఎదురయ్యే జబ్బు ప్లాస్టిక్ స్టాక్ ముందు భాగం. బ్యారెల్ దేనికీ తగలకుండా ఉండాలి. స్టాక్ కొసనుంచి చాంబర్ (తూటా కూర్చునే గది) దగ్గరి వరకూ బ్యారెల్ కింద కాగితం ముక్క జారిపోవాలి. ఊరికే పట్టుకుని చూస్తే కాగితం బాగానే జారుతుంది. కానీ రైఫిల్‌ను ఇసుక సంచి మీద పెట్టి చూడండి, లేదా స్టాక్ ముందు కొసను బ్యారెల్ వైపు వేలితో నొక్కండి. మెత్తటి ప్లాస్టిక్ వంగి బ్యారెల్‌ను తాకుతుంది. ఒక తూటాకు తాకుతుంది, మరో తూటాకు తాకదు. గ్రూప్ నిలువునా చెదిరిపోతుంది, నేరం బ్యారెల్ మీద పడుతుంది. వైద్యం చౌకే. గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి, తాకేచోట రెండు కాగితాలు సులభంగా జారేంతవరకు అరగదీయండి. లోపలి ఖాళీ గళ్లలో పాత బాణం కడ్డీ లాంటి గట్టి పుల్ల ఒకటి పెట్టి ఎపాక్సీ పోస్తే ముందు భాగం బిగుసుకుంటుంది. యాక్షన్ (బోల్ట్ ఆడే లోహపు భాగం) కూర్చునే చోటికి ఎపాక్సీ పోకుండా అడ్డుకట్ట వేయడం మరవద్దు.

మ్యాగజైన్‌ను కొనే ముందే పరీక్షించాలి. డమ్మీ తూటాలు నింపి పది పదిహేను సార్లు వేగంగా, నెమ్మదిగా రెండు రకాలుగా బోల్ట్ ఆడించండి. నెమ్మదిగా నెట్టినప్పుడే తూటా ముక్కు ఎక్కడో గుచ్చుకుంటుంది. మ్యాగజైన్ అడుగున అరచేత్తో ఒక్కటి తట్టితే ఊడిపోకూడదు.

వాడిన రైఫిల్ అంటే అదే డబ్బుకు ఒక మెట్టు పైది. 1958 నుంచి వస్తున్న సావేజ్ 110, 1962 నుంచి వస్తున్న రెమింగ్టన్ 700, హోవా 1500 లాంటివి సెకండ్ హ్యాండ్‌లో కొత్త చౌక రకాల ధరకు దగ్గరగా ఉంటాయి. కానీ చూసి కొనే ఓపిక ఉండాలి. చేతికి అందగానే బోల్ట్ తెరిచి, చాంబర్‌లోకి చూసి, వేలు పెట్టి ఖాళీగా ఉందని నిర్ధారించుకోండి. అమ్మేవాడు చెప్పినా సరే, మళ్లీ మీరే చూడండి.

తర్వాత బోల్ట్ బయటికి తీసి చాంబర్ వైపు నుంచి దీపం వేసి మజిల్ (బ్యారెల్ ముందు మూతి) వైపు నుంచి చూడండి. అంతకుముందు పొడి గుడ్డ ముక్కను బ్యారెల్‌లో దూర్చి నూనె తుడవమనండి. నూనె కింద తుప్పు గుంటలు దాక్కుంటాయి. లోపల ఎక్కడైనా నల్లటి వలయం కనిపిస్తే బ్యారెల్ ఉబ్బిందని అర్థం, దాన్ని అక్కడే వదిలేయండి. చాంబర్ దాటగానే గాడులు మొదలయ్యే చోట ఎండిన చెరువు అడుగులా బీటలు కనిపిస్తే చాలా తూటాలు కాల్చిన బ్యారెల్. మజిల్ అంచు చూడడానికి చెవిలో పెట్టుకునే దూది పుల్ల చాలు: లోపలినుంచి బయటికి గాడుల చివర మీదుగా లాగితే, గరుకు ఉన్నచోట దూది పోగులు పట్టుకుంటాయి. ఇది పెద్ద జబ్బు కాదు, గన్‌స్మిత్ ఆ అంచు మళ్లీ కోసి సరిచేస్తాడు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

స్క్రూల తలలు చూడండి. గీతలు నలిగిపోయి ఉంటే ఎవరో సరిపోని స్క్రూడ్రైవర్‌తో విప్పారన్నమాట. అలాంటి చేతులు ట్రిగ్గర్‌లోకీ వెళ్లి ఉండొచ్చు. చెక్క స్టాక్ అయితే యాక్షన్ వెనక కొస కూర్చునే చోటా, పట్టుకునే సన్నటి మెడ దగ్గరా సన్నటి చీలిక ఉందేమో గోరు ఆనించి చూడండి. బోల్ట్ మీద నంబరు ఉంటే రైఫిల్ నంబరుతో కలవాలి. కలవకపోతే గన్‌స్మిత్ గో, నో-గో గేజ్‌లతో హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆగే చోటుకూ మధ్య దూరం) కొలిచేదాకా ఒక్క తూటా కూడా కాల్చవద్దు.

సేఫ్టీ పరీక్ష ఖాళీ రైఫిల్‌తోనే. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి, తర్వాత ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. టక్కుమన్నదంటే ట్రిగ్గర్ చెడిపోయింది. బోల్ట్‌ను నాలుగైదు సార్లు జోరుగా మూయండి, బట్‌ను (భుజానికి ఆనించే కొసను) రబ్బరు సుత్తితో తట్టండి, తూటాను పేల్చే పిన్ కదలకూడదు. రెమింగ్టన్ 700, మోడల్ సెవెన్ అయితే ఇంకొకటి: ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌తో 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా తయారైన వాటిని పేలే ప్రమాదం ఉందని కంపెనీ 2014లో వెనక్కి పిలిచింది. చేతిలో ఉన్నది ఆ కాలానిదైతే మరమ్మతు జరిగిందో లేదో తేల్చుకోకుండా కొనవద్దు.

పాత సైనిక రైఫిల్ తెచ్చి వేటకు మార్చుకుందామన్న ఆలోచన ఇప్పుడు గిట్టుబాటు కాదు. స్కోప్‌కు రంధ్రాలు వేయించాలి, బోల్ట్ పిడి వంచాలి, తుప్పు పట్టించే పాత తూటాల వల్ల బ్యారెల్ గుంటలు పడి ఉండొచ్చు. అన్నీ కలిపితే కొత్త యాక్సిస్ ఖర్చు దాటుతుంది. పొదల్లో, 150 గజాల లోపలే వేట అయితే వాడిన .30-30 లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి మీట ఆడించి తూటా ఎక్కించేది) నిక్షేపంలాంటిది. దాని గొట్టపు మ్యాగజైన్‌లో మాత్రం ముక్కు చదునుగా ఉన్న తూటాలో, ఆ మ్యాగజైన్ కోసమే మెత్తటి కొసతో చేసిన తూటాలో తప్ప మరేవీ పెట్టకూడదు. సూది ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌ను (తూటా అడుగున ఉండే, దెబ్బకు పేలే బిళ్లను) పొడిస్తే మ్యాగజైన్‌లోనే పేలుతుంది.

రైఫిల్‌తో పాటు కలిపి అమ్మే స్కోపుల్లో చాలావాటికి అద్దం మసక, క్లిక్కులు (గురి సర్దే మర తిప్పితే కదిలే మెట్లు) నమ్మకం లేనివి. వీలైతే స్కోప్ లేని రైఫిల్ కొని, పేరున్న కంపెనీ 3-9x40 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపే, 40 ఎంఎం ముందు అద్దం ఉన్న స్కోప్) విడిగా తీసుకోండి. అదీ భారమైతే మంచి స్థిర 4x స్కోప్ చౌక 4-16x కంటే ఎన్నో రెట్లు మేలు. కంటికీ స్కోపుకూ మధ్య మూడున్నర అంగుళాల దూరం ఉండాలి, లేకపోతే .30-06 తన్నుకు కనుబొమ్మ చిట్లుతుంది. ఆ దూరాన్ని 9x మీద పెట్టి సరిచూసుకోవాలి, ఎందుకంటే ఎక్కువ స్కోపుల్లో పవర్ పెరిగితే అది తగ్గుతుంది.

బిగించేటప్పుడు స్క్రూలనూ రంధ్రాలనూ స్పిరిట్‌తో తుడిచి నూనె పోగొట్టండి. అడుగు మౌంటు స్క్రూలకు మామూలుగా 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు (బిగింపు కొలత), రింగుల పై స్క్రూలకు 15 నుంచి 18. తయారీదారు వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పాటించండి. మౌంటు బిగించాక బోల్ట్‌ను ఆడించి చూడండి. అంతకుముందు లేని పట్టు వచ్చిందంటే ముందు స్క్రూ పొడవెక్కువై లోపల తగులుతోంది. అది సరైన పొడవుది మార్చాలి.

గురి కుదుర్చుకోవడం 25 గజాల దగ్గర మొదలుపెడితే తూటాలు ఆదా. పావు అంగుళం క్లిక్కు అన్నది 100 గజాల లెక్క, 25 గజాల దగ్గర అది అంగుళంలో పదహారో వంతే కదుపుతుంది. అక్కడ రెండు అంగుళాలు కింద పడితే ఎనిమిది క్లిక్కులు కాదు, 32 తిప్పాలి. తర్వాత 100 గజాలకు వెళ్లి మూడేసి తూటాలు కాల్చి, ఒక్క రంధ్రాన్ని కాకుండా మూడింటి నడిమి బిందువును చూసి సరిచేయండి. సన్నటి బ్యారెల్ మూడు తూటాలకే వేడెక్కుతుంది, చేయి ఆనించి హాయిగా ఉంచగలిగేదాకా ఆగండి. 150 గ్రెయిన్ల .308ని 100 గజాల దగ్గర రెండు అంగుళాలు పైకి పడేలా పెడితే 200 గజాల దగ్గర దాదాపు గురి మీదే పడుతుంది, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. సాధనకు చౌక తూటాలు వాడినా, చివరి సర్దుబాటు వేటకు తీసుకెళ్లే తూటాతోనే చేయాలి. రకం మారితే తగిలేచోటు అంగుళాల్లో మారుతుంది.

నూనె రాసి దాచిన బ్యారెల్ నుంచి మొదటి తూటా చాలాసార్లు తర్వాతివాటికి కాస్త పక్కన పడుతుంది. వేటకు ముందు పొడి గుడ్డతో నూనె తుడిచి, గురి పెట్టేచోట ఒకటి రెండు తూటాలు కాల్చి, బ్యారెల్‌ను అలాగే ఉంచి తీసుకెళ్లండి. వేట కాలం ముగిశాకే పూర్తిగా శుభ్రం చేయండి, వానలో తడిస్తే తప్ప.