చేత్తో స్టార్ట్ చేస్తే నడుస్తుంది, బూట్‌లో రాదు: నా అనుభవం

లినక్స్ సర్వర్‌ని రీబూట్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉండేది. డేటాబేస్ లేచేది కాదు. లాగిన్ అయి, డేటా డిస్క్‌ని చేత్తో మౌంట్ చేసి (అంటే దాని ఫోల్డర్‌కి తగిలించి), సర్వీస్ స్టార్ట్ చేస్తే చక్కగా నడిచేది. ఒక్కోసారి లాగిన్ వరకూ కూడా రానివ్వకుండా, నిమిషంన్నర ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి (రిపేర్ కోసం కనీస సదుపాయాలతో ఆగిపోయే స్థితి) వెళ్లిపోయేది. సెట్టింగులు అవే, మెషీన్ అదే, ఫలితం మాత్రం బూట్ బూట్‌కీ వేరు.

ముందు అనుమానం డేటాబేస్ మీదకే పోతుంది. దాని లాగ్‌లో ఉన్నదల్లా డేటా ఫోల్డర్ ఖాళీగా ఉందన్న ఫిర్యాదే. అంటే దానికంటే ముందు రావాల్సిన డిస్క్ రాలేదు. అందుకని ఒక్క సర్వీస్ లాగ్ పట్టుకుని కూర్చోకుండా, సిస్టమ్ లాగ్ చూపించే ‘జర్నల్‌సీటీఎల్ -బి’ కమాండ్ కొట్టి ఆ బూట్ లాగ్ మొత్తం మొదటి నుంచి చదివాను. ముందటి బూట్‌ది కావాలంటే ‘-బి -1’. లాగ్ డిస్క్ మీద దాచేలా పెట్టి ఉంటేనే పాత బూట్‌లవి మిగులుతాయి; ఇలాంటి సమస్యల్లో అదే ప్రాణాధారం, ముందే చూసుకోండి.

లాగ్ మొదట్లోనే ‘ఫౌండ్ ఆర్డరింగ్ సైకిల్’ (ఎవరు ముందో తేలని వలయం దొరికింది) అని ఒక లైను, దాని దగ్గరే ఆ వలయం తెంపడానికి ఫలానా జాబ్ (మొదలుపెట్టాల్సిన పని) తీసేశామని ఇంకో లైను కనబడ్డాయి. ఒక బూట్‌లో తీసేసింది డిస్క్ మౌంట్‌ని. ఎమర్జెన్సీ మోడ్‌కి వెళ్లిన బూట్‌లో తీసేసింది, ఆ డిస్క్‌ని మౌంట్‌కి ముందు అన్‌లాక్ చేసే చిన్న స్క్రిప్ట్ సర్వీస్‌ని. అది లేకపోతే డిస్క్ కనబడదు, మౌంట్ 90 సెకన్లు ఎదురుచూసి ఫెయిల్ అవుతుంది. రెండు రకాల ఫలితాలకూ కారణం ఒక్కటేనని అప్పుడు తేలింది.

ఇక్కడ, బూట్‌లో వీటన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డి పద్ధతి కొంచెం చెప్పాలి. ‘నాకు ఫలానాది కావాలి’ అనడం వేరు, ‘ఫలానాది అయ్యాకే నేను’ అనడం వేరు. మొదటిదానికి రిక్వైర్స్, వాంట్స్. రెండోదానికి ఆఫ్టర్, బిఫోర్. రిక్వైర్స్ ఒక్కటే రాస్తే రెండూ ఒకేసారి మొదలవుతాయి. ఆఫ్టర్ ఒక్కటే రాస్తే, అవతలిది అసలు మొదలవ్వాలన్న పట్టింపే ఉండదు. బూట్‌లో వచ్చే గొడవల్లో చాలావరకు ఈ తేడా దగ్గరే పుడతాయని నా నమ్మకం.

మా స్క్రిప్ట్ సర్వీస్‌లో మౌంట్‌కి బిఫోర్ అని ఉంది. చూడటానికి తప్పేమీ లేదు. కానీ మనం రాయకపోయినా మామూలు సర్వీసులన్నిటికీ ‘సిస్‌ఇనిట్ టార్గెట్ తర్వాత’ అనే షరతు దానంతటదే తగులుకుంటుంది. టార్గెట్ అంటే బూట్‌లో ఒక మజిలీ; సిస్‌ఇనిట్ అంటే సిస్టమ్ తొలి సన్నాహాలు పూర్తయ్యే మజిలీ. సిస్‌ఇనిట్ ఏమో లోకల్-ఎఫ్‌ఎస్ టార్గెట్ (లోకల్ డిస్కులు మౌంట్ అయ్యే మజిలీ) తర్వాత, అదేమో మా మౌంట్ తర్వాత, మౌంట్ మళ్లీ స్క్రిప్ట్ తర్వాత. ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి అక్కడికే. ‘సిస్టమ్‌సీటీఎల్ షో’తో ఆఫ్టర్ జాబితా అడిగితే ఫైల్‌లో లేని ఈ షరతులు కూడా కనబడతాయి. ఫైల్ మాత్రమే చదివితే ఎప్పటికీ దొరకదు.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది? ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఆ డిస్క్‌కి నోఫెయిల్ (అది రాకపోయినా బూట్ ఆపొద్దు) అని ఉండేది. అది ఉంటే లోకల్-ఎఫ్‌ఎస్ ఆ మౌంట్ కోసం ఆగదు, కాబట్టి వలయం ఏర్పడదు. డిస్క్ తప్పనిసరి కదా అని ఆ మాట తీసేసినప్పటి నుంచే ఇదంతా.

స్క్రిప్ట్ సర్వీస్‌లో, దానంతటవే ఆ షరతులు తగిలించే డిఫాల్ట్‌డిపెండెన్సీస్‌ని ‘నో’ చేశాను. దాంతో షట్‌డౌన్ షరతులూ పోతాయి కాబట్టి, షట్‌డౌన్ టార్గెట్‌కి కాన్‌ఫ్లిక్ట్స్ (అది మొదలైతే ఇది ఆగాలి), బిఫోర్ రెండూ చేత్తో రాశాను. టైప్ ముందే వన్‌షాట్‌గా ఉంది. స్క్రిప్ట్ పూర్తయ్యేదాకా మౌంట్ ఆగాలంటే అదే ఉండాలి. ఇంత ముందు దశలో రూట్ (సిస్టమ్ ఉండే డిస్క్) తప్ప మిగతా డిస్కులు ఉంటాయన్న హామీ లేదు, రూట్ కూడా రీడ్-ఓన్లీగా ఉండొచ్చు. అందుకే స్క్రిప్ట్ తన సొంత లాగ్ ఫైల్ రాసుకోవడం మాన్పించి, ఆ మెసేజ్‌లన్నీ జర్నల్‌కే పోయేలా చేశాను. తర్వాత మార్చిన ఫైళ్లని సిస్టమ్‌డి మళ్లీ చదివేలా డీమన్-రీలోడ్, ఆపైన తప్పులు వెతకడానికి డిఫాల్ట్ టార్గెట్ మీద ‘సిస్టమ్‌డి-అనలైజ్ వెరిఫై’. సైకిల్ మాట రాలేదు. రీబూట్ చేశాను, డేటాబేస్ తనంతట తానే లేచింది. ఎంత హాయిగా అనిపించిందో!

ఇంకో పని మిగిలింది. డేటాబేస్ సర్వీస్‌కి ఆ డిస్క్‌తో సంబంధం ఉందని ఎక్కడా రాసి లేదు. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’తో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని డేటా ఫోల్డర్ దారి ఇచ్చాను, కావాలి అనేదీ తర్వాతే అనేదీ రెండూ అందులోనే వస్తాయి. ఈ కాపలా ఉంది కాబట్టి నోఫెయిల్ మళ్లీ పెట్టేశాను. ఇప్పుడు డిస్క్ లేకుండా బూట్ చేస్తే మెషీన్ లేస్తుంది, రిమోట్‌గా లాగిన్ అవ్వొచ్చు, డేటాబేస్ మాత్రం ‘డిపెండెన్సీ ఫెయిల్డ్’ అని ఆగిపోతుంది.

నోఫెయిల్ ఉంటే ఎలాగూ వలయం రాదు కదా, స్క్రిప్ట్ సర్వీస్‌ని పాత రూపంలోకి మార్చేయొచ్చుగా అనిపించవచ్చు. మార్చలేదు. రేపు ఇంకెవరైనా ఆ ఒక్క మాట తీసేస్తే మళ్లీ ఇదే మొదలవుతుంది.