బొగ్గు దుమ్ము

97 డిగ్రీలు. ఆ నంబర్ చూసి ముందు బయట ఎండేమో అనుకున్నా, బొగ్గు గనులున్న మా బల్లార్షాలో ఏదైనా నమ్మొచ్చు కదా.. కాదు, మా కంప్యూటర్‌ల లెక్కలు చేసే చిప్, ప్రాసెసర్‌ది. అందుకే స్పీడ్ తగ్గించుకుని నత్తలెక్క నడుస్తుంది పాపం.

కంప్యూటర్ డబ్బా విప్పితే, చిప్ వేడిని గుంజే హీట్‌సింక్ రేకుల మధ్య నల్లటి బొగ్గు దుమ్ము, దుప్పటి పరిచినట్టు. అమ్మ చూసి "గిదేందిరా, పొయ్యి లెక్కుంది" అంది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులిపిన, చిప్ వేడి హీట్‌సింక్‌కి పోయేటట్టు నడుమ పూసే పాత థర్మల్ పేస్ట్ సున్నంలెక్క ఎండి పొడిపొడి రాలింది, స్పిరిట్‌తో తుడిచి బఠానీ గింజంత కొత్తది పెట్టి బిగించిన.

ఇప్పుడు 71. ఫ్యాన్ ఎంత తిరిగినా గది గాలికంటే చల్లగ చేయలేదు, మే నెలల ఇంతకంటే ఏం అడుగుతం.

రూం కూలర్ మాత్రం దాని దిక్కు తిప్పలే, తడిగాలి పడదు. "మంచిగైంది, మా దిక్కే ఉండనీ" అన్నడు నాన్న.