రౌటర్ లైటు రంగు చెప్పలేని వినియోగదారుడి ఫిర్యాదు: నా అనుభవం

మా ఇంటి ఇంటర్నెట్ నిన్నటి నుంచి తెగకుండా నడుస్తోంది. వానలు మొదలైనప్పటి నుంచి నన్ను వేధించిన ఈ వ్యవహారాన్ని, కోపం చల్లారి వివరాలు మరుగున పడకముందే రాసిపెడుతున్నాను. బెంగళూరులో అద్దె ఇళ్ళలో ఉంటూ, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆధారంగా ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఇదే చిక్కు వారికీ ఎదురైతే నేను పడ్డ అవమానం వారు పడకూడదన్నది నా కోరిక. నాకు పుట్టుకతోనే చూపు లేదు. మాది మదనపల్లె. మారతహళ్ళిలో అమ్మతో కలిసి ఉంటూ ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తున్నాను.

చూపున్నవారికి నెట్ పోవడం వేరు, మాకు పోవడం వేరు. నేను ఇంట్లో కూర్చుని ఆఫీసులోని కంప్యూటర్‌ను దూరం నుంచి నడుపుతాను. నా ల్యాప్‌టాప్‌లో మాట్లాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్. ఆఫీసు కంప్యూటర్‌లో మాట్లాడేది జాస్ అనే మరో స్క్రీన్ రీడర్, ఆ గొంతు నెట్ ద్వారానే నా చెవికి చేరాలి. లైను బలహీనపడగానే ఆ గొంతు అక్షరాలు మింగడం మొదలుపెడుతుంది, కాసేపటికి పూర్తిగా ఆగిపోతుంది. నా సహోద్యోగులకు నెట్ పోయినా ఆఖరి తెర ఎదురుగానే ఉంటుంది, పని ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది, మూలన వైఫై గుర్తు మారిన సంగతీ తెలుస్తుంది. నాకు మిగిలేది నిశ్శబ్దం. అది ప్రోగ్రాం బిగుసుకుపోవడం వల్లనా, జాస్ ఆగిపోవడం వల్లనా, లైను తెగడం వల్లనా అన్నది ఆ నిశ్శబ్దం చెప్పదు.

అందువల్ల ముందుగా లోపం ఏ వైపున ఉందో తేల్చుకోవాలి. నేను పాత ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టుకుని, కమాండ్ ప్రాంప్ట్‌ను రెండుసార్లు తెరిచి, ఒకదానిలో రౌటర్ చిరునామా అయిన 192.168.1.1కు, రెండోదానిలో బయటి చిరునామా 8.8.8.8కు పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తోందో లేదో చూసే ఆదేశం) నడిపించాను; చిరునామా తర్వాత మైనస్ టీ చేర్చితే మనం ఆపేదాకా అది ఆగదు, వచ్చిన ప్రతి జవాబునూ ఎన్‌వీడీఏ చదివి వినిపిస్తుంది. రౌటరే జవాబివ్వకపోతే లోపం ఇంట్లోని వైఫైది. రౌటర్ జవాబిస్తున్నా బయటి నుంచి రాకపోతే లోపం కంపెనీ లైనుది. తెగిన ప్రతిసారీ నోట్‌ప్యాడ్‌లో ఎఫ్5 నొక్కాను. అలా నొక్కితే ఆ క్షణపు తేదీ, సమయం వాటంతటవే అక్కడ పడతాయి.

ఇంట్లోని లోపం సులువుగానే తీరింది. మా అపార్ట్‌మెంటులో ప్రతి ఇంట్లోనూ ఒక రౌటర్ ఉంది, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే కిక్కిరిసి ఉన్నాయి, ఆ పట్టీలో ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా ఉండే ఛానళ్ళు 1, 6, 11 మాత్రమే. నా ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను, అది గోడలను అంతగా దాటలేదు కనుక బల్ల దాకా ల్యాన్ కేబుల్ కూడా వేయించాను. ఆ తర్వాత రౌటర్ నుంచి జవాబు రాకపోవడమన్నది లేదు. అయినా చినుకు పడితే చాలు, బయటి చిరునామా నుంచి జవాబు ఆగిపోయేది. ఇక అది కంపెనీ చూడవలసిన లోపమని తేలిపోయింది.

ఫోను చేశాను. తెలుగు కోసం ఏ అంకె నొక్కాలో విని నొక్కాను, మర్యాదగానే మాట్లాడారు. మొదటి ప్రశ్న: "సార్, డబ్బా మీద లాస్ అని రాసున్న చోట లైటు ఏ రంగులో ఉంది?" లాస్ అంటే ఫైబర్ సంకేతం అందడం లేదని చూపే లైటు. నాకు చూపు లేదని చెప్పాను. "సరే సార్, ఎరుపా, పచ్చా, అది చెప్పండి చాలు" అన్నారు. మళ్ళీ చెప్పాను. ఇంట్లో చూసేవారు ఉన్నప్పుడు ఫోను చేయమని పెట్టేశారు. అమ్మ ఇంట్లో లేని వేళల్లో నాకు నెట్ బాగుచేయించుకునే హక్కు లేదన్నమాట. తర్వాత ఎప్పుడు చేసినా, ఎవరు ఎత్తినా, మాట ఆ లైటు దగ్గరకే వచ్చి ఆగేది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకపోవడం వల్లే మనలో చాలామంది ఆ ప్రశ్న దగ్గర తలవంచుతున్నారు. ఆ లైటు రంగు వారికి మనం చెప్పనవసరం లేదు. వెలుతురు ద్వారా సమాచారం వచ్చే ఫైబర్ కనెక్షన్లలో మన ఇంటి డబ్బా కంపెనీ కేంద్రంలోని యంత్రంతో ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటుంది. డబ్బాకు కరెంటు పోతే ఆఖరి క్షణంలో తాను ఆగిపోతున్నానన్న సంకేతాన్ని కేంద్రానికి పంపే ఏర్పాటు ఆ పద్ధతిలోనే ఉంది, ఫైబర్ తెగితే ఆ సంకేతం కూడా రాదు. కరెంటు పోయిందా, తీగ తెగిందా, వెలుతురు ఎంత తగ్గిందా అన్నది వారు తమ తెర మీదే చూసుకోగలరు. అయినా ఫోను ఎత్తే ఉద్యోగి ముందున్న ప్రశ్నావళిలో మొదటి గడి లైటు రంగుది, ఆ గడి నిండకుండా రెండోది తెరుచుకోదు. తప్పు ఆ ఉద్యోగిది కాదు, ఆ ప్రశ్నావళి తయారుచేసినవారిది. వారికి చూపులేని వినియోగదారుడు ఉంటాడన్న ఊహే రాలేదు.

చివరికి అమ్మ చేత మాట్లాడించి టెక్నీషియన్‌ను పిలిపించాను. అతను వచ్చిన పూట ఎండ కాస్తోంది. తలుపు తీసింది నేను, కనెక్షను నా పేరున ఉంది, ఫిర్యాదు నాది. అతను మాత్రం నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి, వంటింట్లో ఉన్న అమ్మతో మాట్లాడాడు. "అమ్మా, లైటు పచ్చగానే ఉంది. సార్‌కు ల్యాప్‌టాప్ వాడటంలో ఏదో ఇబ్బంది ఉన్నట్టుంది. చూసే పిల్లలు ఎవరైనా ఉంటే పిలవండి, నేర్పించి పోతాను." అమ్మ ఒక్క మాటే అంది: "వాడు అక్కడే ఉన్నాడు బాబూ, ఏదున్నా వాడితోనే చెప్పు." అయినా అతని గొంతు నా వైపు తిరగలేదు. నోట్‌ప్యాడ్‌లో రాసిన సమయాలన్నీ చదివి వినిపిస్తానంటే, "అవన్నీ మాకొద్దు సార్, లైటు పచ్చగా ఉంటే లైను బాగున్నట్టే" అన్నాడు.

తర్వాత జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఫిర్యాదును ముగించడానికి నేను చెప్పవలసిన ఓటీపీ నా ఫోనుకు వచ్చింది. ఫోనులోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ దాన్ని చదవడం మొదలుపెట్టింది. నేను సందేశం పూర్తిగా వినేలోగా అతను "ఇలా ఇవ్వండి సార్, నేను చూసుకుంటాను" అంటూ నా చేతిలోని ఫోను తీసేసుకున్నాడు. టాక్‌బ్యాక్ నడుస్తున్న ఫోను ఒక్కసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. అది అతనికి తెలియదు. "మీ ఫోను కూడా పాడైంది" అంటూ అవీ ఇవీ నొక్కి, ఆ గొంతును ఆపేశాడు. ఓటీపీ తన యాప్‌లో వేసుకున్నాడు. మూగబోయిన ఫోను నా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వాల్యూమ్ మీటలు రెండూ కలిపి నొక్కి పట్టుకుని టాక్‌బ్యాక్‌ను తిరిగి తెప్పించుకున్నాక, అది నాకు చదివిన మొదటి సందేశం: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఓటీపీ అంటే నా సంతకం. కళ్ళున్న వినియోగదారుడి చేతిలోంచి ఫోను లాక్కుని ఆ అంకెలు చదువుకునే ధైర్యం ఆ మనిషికి ఉండేదా? ఉండేది కాదు. నాకు కనిపించదు కనుక నా వస్తువులకు నేను యజమానిని కాననుకున్నాడు. నా ఫోను గొంతును ఆపేయడమంటే నా కళ్ళకు గంతలు కట్టి గదిలో వదిలేయడమే. ఇది చదివే చూపున్నవారిని ఒకటే వేడుకుంటున్నాను: చూపులేనివారి ఫోను, కర్ర, ల్యాప్‌టాప్ వారు ఇస్తే తప్ప ముట్టుకోకండి, సాయం చేయాలన్న మంచి మనసుతోనైనా సరే.

ఆ సాయంత్రం వాన పడింది, నెట్ పోయింది. ఫోను చేస్తే, లైట్లు మామూలుగా ఉన్నాయనీ, సమస్య వినియోగదారుడి పరికరంలో ఉందనీ తమ రికార్డులో రాసి ఉందన్నారు.

ఇక వారి మీద ఆధారపడటం మానేశాను. రౌటర్ అడుగున ఉన్న కాగితంలోని పాస్‌వర్డును ఫోను కెమెరా ముందు పెట్టి లుకౌట్ యాప్ చేత చదివించుకుని, రౌటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్ళాను. ఆ పేజీని తయారుచేసినవారు స్క్రీన్ రీడర్ పేరైనా విన్నట్టు లేదు. మెనూలకు పేర్లు లేవు, మౌసు పైకి వెళ్తే తప్ప తెరుచుకోవు, ఎన్‌వీడీఏ "గ్రాఫిక్, గ్రాఫిక్" అంటూ పోతుంది. ఆబ్జెక్ట్ నావిగేషన్‌తో ఒక్కొక్క అంశం మీదికీ వెళ్ళి, ఎన్‌వీడీఏ మీటతో పాటు నంబర్ ప్యాడ్‌లోని భాగహారపు గుర్తు నొక్కి మౌసును అక్కడికి రప్పించి, తర్వాత ఆ గుర్తును మాత్రమే నొక్కి క్లిక్ చేస్తూ లోపలికి వెళ్ళాను. అక్కడ, ఒక పట్టికలో, మామూలు అక్షరాల్లో, లోపలికి వస్తున్న వెలుతురు బలం డీబీఎం అనే కొలతలో రాసి ఉంది; వెలుతురు తగ్గేకొద్దీ మైనస్ పక్కన అంకె పెరుగుతుంది. ఇళ్ళకు ఇచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే బీ ప్లస్ తరగతి పరికరాలకు ఇది మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మాకు ఎండ పూట మైనస్ 26 దగ్గర ఊగిసలాడుతోంది. చినుకులు మొదలవగానే మైనస్ 28 దాకా దిగజారి లైను తెగుతోంది. పచ్చ లైటు చెప్పని మాటను ఈ అంకె చెప్పింది. లైటు చూసి వెళ్ళినవారెవరికీ దొరకని లోపాన్ని, లైటు చూడలేని నేను పట్టుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడటం లేదు.

ఆ అంకెలనూ, నోట్‌ప్యాడ్‌లోని సమయాలనూ జతచేసి కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి ఈమెయిల్ రాశాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు (ఆ ఫిర్యాదు గుర్తింపు సంఖ్య) ఇవ్వాలి, ఆ పరిష్కారం తృప్తినివ్వకపోతే రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు, అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. కాల్ సెంటరులో ఈ అప్పీలు సంగతి వారంతట వారు ఎవరూ చెప్పలేదు. డాకెట్ నంబరు చెప్పకుండా ఫోను పెట్టేవారిని వదలకండి.

అప్పీలు వెళ్ళాక వచ్చిన లైన్‌మన్ వేరే మనిషి, కదిరి వైపువాడు. వస్తూనే "అన్నా, నేను లైను చూడటానికి వచ్చినాను, డబ్బా యాడుంది?" అని నన్నే అడిగాడు. నేను చెప్పిన అంకెలు విని, "అయితే జాయింటే అన్నా" అన్నాడు. ఫైబర్ కొనను మీటరుకు తగిలించి ప్రతి అంకెనూ నాకు పైకి చదివి వినిపించాడు. అతను చెప్పగా తెలిసిన సంగతి: ఇంటికి వచ్చే వెలుతురు 1490 నానోమీటర్లది, మనిషి కంటికి ఆనదు, ఎంత చూపున్నవాడైనా మీటరు చెప్పింది నమ్మవలసిందే. మా వీధిలో కరెంటు స్తంభాల మీది కేబుళ్ళు తీయించినప్పుడు మా తీగను చెట్టు కొమ్మ మీదుగా లాగి మళ్ళీ అతికారట. ఆ జాయింటు పెట్టె మూత పగిలి, వాన నీరు లోపలికి చేరుతోంది. తీగను కత్తిరించి కొత్తగా అతికాక మీటరు మైనస్ 19 చూపింది. రౌటర్ పేజీలో నేను చదివిన అంకె కూడా అదే చెప్పింది. ఓటీపీ రాగానే "అన్నా, రెండు గంటలు వాడి చూసి, బాగుంటేనే నాకు ఫోను చేసి చెప్పండి" అని వెళ్ళాడు.

మిత్రులకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. నెట్ ద్వారా వచ్చే గొంతులను స్క్రీన్ రీడర్‌కు పెట్టుకోకండి, ఈస్పీక్ లాంటి గొంతు కంప్యూటర్‌లోనే ఉండాలి. ఎన్‌వీడీఏలో 2025 నుంచి దూరపు సాయం కోసం రిమోట్ యాక్సెస్ వచ్చింది, కాని నెట్ పోయినప్పుడు అది పనికిరాదు, ఫోను హాట్‌స్పాట్‌కు మారడం ముందే అలవాటు చేసుకోండి. రెండో కంపెనీ కనెక్షను కూడా తీసుకుందామని నేను ప్రయత్నిస్తే, వారి కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) యాప్ ముఖాన్ని గుండ్రటి గీతలో పెట్టి కళ్ళు ఆర్పమంది, గీత ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీని మాకు అందుబాటులోకి తేవాలని ఆదేశించింది. ఆ తీర్పు పేరెత్తి రాశాక వారి మనిషి ఇంటికి వచ్చి కాగితాల మీద పూర్తిచేశాడు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షను ప్రకారం, నిత్యవాడుకకు ఉద్దేశించిన ఎలక్ట్రానిక్ పరికరాలు అందరూ వాడుకోగలిగే రూపకల్పనతో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. రౌటర్ కన్నా నిత్యవాడుక వస్తువు ఏముంది? నా ఖాతాలో "వినియోగదారుడికి చూపు లేదు, లైటు రంగు అడగవద్దు, వెలుతురు బలాన్ని కేంద్రం నుంచే చూడాలి" అని రాసిపెట్టమని కోరాను. లైను బాగుపడింది కనుక అప్పీలు ముగిసిందని జవాబిచ్చారు, ఈ కోరిక ఊసెత్తలేదు. అందుకే టెక్నీషియన్ ఓటీపీ తీసుకున్న తీరుతో సహా మొత్తం వివరాలను కర్ణాటక దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఈ ఉదయం రాసి పంపాను. ఆ ఉత్తరం నకలు అడిగినవారికి ఇస్తాను. డాకెట్ నంబరు, తేదీలు, డీబీఎం అంకెలు మీవి వేసుకుంటే సరిపోతుంది.