ఒక మొద్దు, అయిదు పిలకలు: ఊరి అడవిలో చెట్ల లెక్క

నెల్లూరు జిల్లా ఉదయగిరి చుట్టుపక్కల వన సంరక్షణ సమితులు కాపాడుకుంటున్న అడవుల్లో, కట్టెకు కొట్టిన మొద్దుల నుంచి మళ్ళీ లేచిన చెట్లు చాలానే కనిపిస్తాయి. ఒక్కో మొద్దుకు నాలుగైదు పిలకలు. చెట్ల లెక్క మొదట తప్పేది అక్కడే. అయిదు పిలకల్ని అయిదు చెట్లని రాస్తే ఆ జాతి అయిదింతలు పెరిగినట్టు చూపిస్తుంది. వేరు ఒకటైతే చెట్టు ఒకటే. మొదలు చుట్టూ మట్టి, ఆకు గీకి చూడకుండా అది ఒక మొద్దో రెండో తేల్చవద్దు.

కొలిచేటప్పుడు మాత్రం ప్రతి పిలకనూ విడిగా కొలవాలి. ఒక్కో కొలతను వర్గం చేసి, అన్నీ కూడి, వర్గమూలం తీస్తే ఆ చెట్టు మొత్తానికి చుట్టుకొలత వస్తుంది. 30 సెం.మీ. పిలకలు మూడుంటే 52 సెం.మీ., 90 కాదు.

చుట్టుకొలత తీసుకునే ఎత్తు నేల నుంచి 1.37 మీటర్లు. ఆ పొడవుకు కర్ర కోసి వెంట ఉంచుకోండి. వాలులో ఉన్న చెట్టుకు కర్రను ఎగువ వైపు ఆనించాలి. సరిగ్గా ఆ ఎత్తులోనే బుడిపె ఉంటే కాస్త పైన కొలిచి, ఎంత పైనో రాయాలి. 30 సెం.మీ., ఆపైన ఉన్నవాటిని చెట్లుగా, 10 నుంచి 30 లోపు వాటిని పిల్ల చెట్లుగా రాయడం వాడుక.

అడవంతా కాక, లెక్కకు ఎంచుకున్న నేల ముక్కను గడి అంటాం. గడికి 20 మీటర్ల చదరం బాగా సరిపోతుంది. మూలమట్టం 3, 4, 5 మీటర్ల త్రిభుజంతో తేల్చి, ఎదురు మూలల మధ్య దూరం రెండు వైపులా 28.28 మీటర్లు వచ్చిందో లేదో చూడాలి. నైలాన్ తాడు సాగుతుంది, దాన్ని కొలతకు నమ్మవద్దు. కొండవాలులో టేపును నేల మీద పరిస్తే గడి చిన్నదైపోతుంది. 20 డిగ్రీల వాలులో 20 మీటర్ల సమతల దూరానికి నేల మీద 21.3 మీటర్లు పోవాలి. టేపును మట్టంగా పట్టి, రాయి కట్టిన దారం వేలాడదీసి, అయిదేసి మీటర్ల ముక్కలుగా కొలుచుకుంటూ పోతే ఈ లెక్కతో పనే లేదు. గట్టు గీత మీద పడ్డ చెట్టు విషయంలో ఉత్తరం, తూర్పు గీతల మీదివి లోపలికి, దక్షిణం, పడమర గీతల మీదివి బయటికి.

గడులు ఎక్కడ పడాలో ఊళ్ళో కూర్చుని, పటం మీద గళ్ళు గీసి, చీటీలు తీసి నిర్ణయించాలి. కంప దట్టంగా ఉందని పక్కకు జరిపితే కొలిచింది అడవిని కాదు, మన సౌకర్యాన్ని. జామాయిల్ నాటిన చెక్క ఉంటే దాని లెక్క వేరుగా కట్టాలి. వంద హెక్టార్లలో 20 గడులంటే 0.8 శాతమే, అయినా పనికొస్తుంది. ప్రతి గడిలో కొత్తగా కనిపించిన జాతులెన్నో రాసుకుంటూ పోండి. చివరి నాలుగైదు గడుల్లో కొత్తవి దాదాపు రాకపోతే చాలించవచ్చు.

పేర్ల దగ్గర తొందర వద్దు. తుమ్మ అంటే నల్లతుమ్మ, తెల్లతుమ్మ, కస్తూరి తుమ్మ, సర్కారు తుమ్మ. మద్ది అంటే తెల్లమద్దీ కావచ్చు, నల్లమద్దీ కావచ్చు. పండు తినే పాల వేరు, పాలకొడిశ వేరు. కట్టెకు పోయే ఆడవాళ్ళనూ మేకల కాపరులనూ ఒక్కొక్కరినే అడగాలి. గుంపులో పెద్దాయన ఒక పేరు చెబితే మిగతావాళ్ళు "అంతేలే నాయనా" అంటారు. తేలనిదానికి రెమ్మ తెంపి, నంబరు చీటీ కట్టి, పాత పేపర్ల మధ్య నొక్కి పెట్టండి. తెలియని రెండు చెట్లనూ "ఇతరాలు" అని ఒకే గంపలో వేస్తే రెండు జాతులు ఒకటైపోతాయి. ఆకు రాలిన ఎండాకాలంలో ఈ పనికి దిగవద్దు. ఇక్కడ ఈశాన్య వానలు వెనకబట్టాక, డిసెంబరు, జనవరి అనుకూలం.

ఇక లెక్క. రెండు అడవుల్లోనూ 100 చెట్లు, అయిదే జాతులు అనుకుందాం. ఒకచోట ఒక్కో జాతి 20. ఇంకోచోట సర్కారు తుమ్మ 80, మిగతా నాలుగూ అయిదేసి. జాతుల సంఖ్య చూస్తే రెండూ సమానమే. తేడా చూపేది జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచిక. అందులో ప్రతి జాతి వాటాను దాని సహజ సంవర్గమానంతో గుణించి, అన్నీ కూడి, రుణ గుర్తు తీసేస్తారు. మొదటి అడవికి 1.61, రెండోదానికి 0.78 వస్తుంది. ఆ అంకెల్ని e అనే సంఖ్యకు (సుమారు 2.718) ఘాతంగా వేస్తే, సమాన వాటాలున్న జాతులు మొదటిచోట 5, రెండోచోట 2.2 అన్నట్టు. సమితి సమావేశంలో 0.78 అంటే ఎవరికీ ఎక్కదు. "పేరుకు అయిదు, బలానికి రెండు" అంటే వెంటనే అర్థమవుతుంది.

పిలకల్ని చెట్లుగా లెక్కేస్తే చెడేది ఈ వాటాలే. బాగా పిలకలేసే జాతి వాటా ఉబ్బి, సూచిక ఎటో పోతుంది.

ప్రతి గడిలో 5 మీటర్ల చదరం ఒకటి పిల్ల చెట్లకు, 1 మీటరు చదరం ఒకటి మొలకలకు విడిగా వేయండి. పెద్ద తునికి ఉండి కింద తునికి మొలక ఒక్కటీ లేకపోతే ఆ సంగతి షానన్ అంకెలో కనిపించదు. మేకలు మేస్తున్నాయా, నిప్పు పడుతోందా అని వెతకాల్సింది అప్పుడే.

గడి నాలుగు మూలల్లోనూ రాళ్ళు పాతి, ఫోన్‌లో జీపీఎస్ గుర్తు తీసుకుంటే అయిదేళ్ళకు అదే గడిని మళ్ళీ కొలవవచ్చు. ఒక జాగ్రత్త: ఎర్రచందనం ఉన్న గడుల జీపీఎస్ అంకెలు సమితి పుస్తకంలోనే ఉండాలి. గోడకు అంటించే పటంలోకీ, వాట్సాప్ గుంపులోకీ వాటిని రానివ్వవద్దు.