కుండలు లేని ఊరి వంట

ఆదివారం. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. బయట పనులేవీ లేవు కాబట్టి మధ్యాహ్నమంతా జార్మో గురించి చదువుతూ కూర్చున్నాను.

జార్మో ఇరాక్‌లో, కిర్కుక్‌కు తూర్పున, జాగ్రోస్ కొండల అంచున ఉన్న పాటిదిబ్బ. సుమారు 9000 ఏళ్ల కిందటి రైతుల ఊరు. ఊరంటే పాతిక ఇళ్లు, మహా అయితే 150 మంది. మట్టి గోడలు కూలినప్పుడల్లా చదును చేసుకుని, దాని మీదే మళ్లీ కట్టుకున్నారు. అలా పెరిగిన దిబ్బ అది. షికాగో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాబర్ట్ బ్రెయిడ్‌వుడ్, ఆయన భార్య లిండా 1948లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు.

వాళ్లు పండించినవి ఎమ్మర్, ఐన్‌కార్న్ గోధుమలు, బార్లీ, బఠాణీ, మిసూరు పప్పు. మేకలు, గొర్రెలు పెంచారు. విచిత్రమేమిటంటే, మట్టి కుండలు పై పొరల్లోనే దొరికాయి. అంటే కుండ రాకముందే చాలా తరాలు వ్యవసాయం చేశాయి.

పక్కనే పప్పులో రాళ్లు ఏరుతున్న అత్తయ్యకి ఈ మాట చెప్పాను.

“కుండ లేకపోతే పప్పెట్లా ఉడికించారే?”

ఇళ్లలో పొయ్యిలున్నాయండీ, రాతి గిన్నెలున్నాయి, నేలలో గుంట తీసి మట్టి మెత్తి అక్కడికక్కడే కాల్చిన తొట్లు కూడా ఉన్నాయన్నాను. రాళ్లు బాగా కాల్చి నీళ్లలో వేసి ఉడికించారేమో అని నా ఊహ.

“బూడిదంతా పప్పులోనేగా!” అని నవ్వేశారు. నత్తగుల్లలు కుప్పలుగా దొరికిన సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది బ్రెయిడ్‌వుడ్ లెక్క. అంతకుముందు చాలామంది నదుల ఒడ్డున నగరాలు, గుళ్లు, శాసనాల కోసం తవ్వారు. ఈయన మాత్రం అడవి గోధుమ, అడవి మేక ఎక్కడుంటాయో అక్కడే సేద్యం పుట్టి ఉండాలని వాన పడే కొండ అంచులకి వెళ్లాడు. భూగర్భ శాస్త్రవేత్తనీ, జంతు శాస్త్రవేత్తనీ, హెల్‌బెక్ అనే డేనిష్ వృక్ష శాస్త్రవేత్తనీ వెంట తీసుకెళ్లాడు. మాడిన గింజలు, మట్టిలో పడ్డ గింజల అచ్చులు చూసి పంట పేరు చెప్పడం హెల్‌బెక్ పని. మాడినవే మిగిలాయి మరి, మామూలు గింజ ఎప్పుడో కుళ్లిపోతుంది.

ఇంత చిన్న ఊరికి నల్లటి అగ్నిపర్వత గాజు తూర్పు టర్కీ నుంచి వచ్చేదట. ఎన్ని చేతులు మారి వచ్చిందో!

ఆ తవ్వకాల రోజుల మీద లిండా ఒక పుస్తకం రాసింది. అది సంపాదించాలి.