ఎన్ని తలుపుల ఊరు?

సారవాక్ రాజధాని కూచింగ్ నుంచి బతాంగ్ అయ్ నది వైపు వెళ్లే దారిలో సెరియన్ దాటాక లచావు అని చిన్న బజారు వస్తుంది. ఏటి ఎగువన ఉన్న పొడవిళ్లకు, అంటే ఊరంతా ఒకే కప్పు కింద ఉండే ఇళ్లకు, పోయేవాళ్లు కానుకలు కొనేది ఇక్కడే. బిస్కెట్లు, పంచదార, పిల్లల నోటు పుస్తకాలు ఏం కొనాలన్నా ముందు తెలియాల్సింది ఒక్కటే: అక్కడ ఎన్ని తలుపులు? తెచ్చినదంతా తలుపుకు ఒక కుప్ప చొప్పున సమానంగా పంచుతారు. బోర్నియో దీవిలోని మలేషియా రాష్ట్రం సారవాక్‌లో ఇబాన్ తెగవాళ్లు ఊరి పరిమాణాన్ని తలకాయలతో చెప్పరు, తలుపులతో చెబుతారు. ఒక తలుపు అంటే ఒక కుటుంబం.

కూచింగ్ నుంచి బతాంగ్ అయ్ ఆనకట్ట రేవుకు కారులో నాలుగైదు గంటలు. అక్కడి నుంచి పడవే. మేం వెళ్లింది డెలోక్ ఏటి మీద ఉన్న నంగా సుంపాకు. నంగా అంటే ఏరు వచ్చి కలిసే చోటు. పడవ పొడుగు, వెడల్పు మాత్రం మనిషి పట్టేంత. ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, బరువులు మధ్యలో పెట్టాలి. వెనక ఇంజిన్ దగ్గర సరంగు, ముందు గెడకర్రతో ఒకరు. నీళ్లు తక్కువైతే గులకరాళ్ల మీద అందరూ దిగి తోయాల్సిందే. ఇంజిన్ పంకాకు ఒక చిన్న పిన్ను ఉంటుంది. రాయి తగిలితే అది విరిగి గేర్లను కాపాడుతుంది. అందుకే విడి పిన్నులు లేకుండా ఏ సరంగూ ఎగువకు బయల్దేరడు.

ఇల్లు ఏటికి సమాంతరంగా, స్తంభాల మీద నిలబడి ఉంటుంది. ముందు ఎండకు వడ్లు, మిరియాలు ఆరబోసే తంజు. దాని వెనక ఈ చివర నుంచి ఆ చివరకు సాగే కప్పున్న వసారా, రువాయ్. వలలు అల్లడం, చాపలు నేయడం, పంచాయితీలు, పండగలు అన్నీ అక్కడే. రువాయ్‌లోంచి తలుపు తీస్తే బిలిక్, కుటుంబం గది. పైన సదావ్ అనే అటక, గాదెలు ఉండేది అందులోనే.

చాలామంది దీన్ని ఉమ్మడి ఇల్లు అనుకుంటారు. అది పొరపాటు. ప్రతి కుటుంబం తన బిలిక్‌ను, దాని ముందున్న రువాయ్ ముక్కను, పైన కప్పును తన ఖర్చుతో తనే కట్టుకుంటుంది. రువాయ్‌లో నడుస్తూ కింద చూస్తే ఒకరి పలకలు కొత్తవి, పక్కవారివి నల్లబడినవి, ఇంకొకరివి వెదురు బద్దలు. నడవడానికి హక్కు అందరిదీ, బాగు చేసే బాధ్యత ఎవరిది వారిది. కొత్త కాపురాలు చివర్లలో చేరతాయి, ఇల్లు అలా పొడవవుతుంది. ప్రమాదం కూడా ఈ పొడవులోనే ఉంది. అటక అడ్డుగోడ లేకుండా సాగితే ఒక వంటింటి నిప్పు కాసేపట్లో అన్ని తలుపులనూ మింగేస్తుంది. కొత్తగా కట్టేవాళ్లు మధ్యమధ్య ఇటుక గోడలు లేపడానికి కారణం ఇదే.

ఇబాన్ల పూర్వీకులు ఇప్పటి ఇండోనేషియాలోని కపువాస్ నదీ ప్రాంతం నుంచి కొండ దాటి ఈ ఏర్ల ఒడ్డుకు చేరారు. పగవాళ్లు తలలు నరికే రోజుల్లో ఒకే కప్పు కింద ఉండటం రక్షణ. ఇంగ్లిషువాడు జేమ్స్ బ్రూక్ 1841లో సారవాక్ రాజా అయ్యాక ఆయన వంశం ఆ దాడులను బలప్రయోగంతో అణిచింది. దాడులు ఆగినా ఇల్లు నిలిచింది, ఎందుకంటే పోడు ఒక కుటుంబం చేతుల మీద సాగదు.

మన్యం పోడు ఎరిగినవారికి ఇక్కడి పని కొత్తగా అనిపించదు. మే, జూన్ నెలల్లో తుప్పలు కొట్టి, తర్వాత చెట్లు పడేసి, ఎండాక ఆగస్టు, సెప్టెంబరులో తగలబెడతారు. ఏడాది పంటంతా ఆ ఒక్క మంట మీద ఉంటుంది. ముందే వాన పడితే దుంగలు సగమే కాలతాయి, బూడిద చాలదు, కలుపు విత్తనాలు బతికిపోతాయి. మంట బాగుంటే మగవాళ్లు వరసగా మొనకర్రలతో గుంటలు పొడుస్తూ పోతారు, వెనకే ఆడవాళ్లు చిటికెడు గింజలు వేస్తారు. దీనికి బదుళ్లు నడుస్తాయి: ఈరోజు మీ కొండ, రేపు మా కొండ. దాన్ని బెదురుక్ అంటారు. కోత ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కొండ వరి అంతా ఒకేసారి పండదు కనుక కెతాప్ అనే అరచేతి కత్తితో వెన్ను వెన్నే కోస్తారు. విత్తనం ఎంపిక కూడా ఆ చేతిలోనే జరుగుతుంది. బీడు పెట్టే ఏళ్లు తగ్గిన చోట అడవి తిరిగి రాదు, దర్భ గడ్డి పాకుతుంది.

చేతికి డబ్బు తెచ్చేది మిరియం. ఉక్కులాంటి బెలియన్ కర్ర పాతి తీగ పాకిస్తారు, కాపు మూడో ఏట మొదలు. తీగ మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరుకుళ్లు తెగులు పట్టి తీగ నిలువునా వాడిపోతుంది. కాబట్టి వాలు నేల, చుట్టూ మట్టి ఎగదోయడం తప్పనిసరి. నల్ల మిరియాలకు, గుత్తిలో ఒకటి రెండు గింజలు రంగు తిరగగానే కోసి చాపల మీద నాలుగైదు రోజులు ఎండబెడతారు. తెల్లవాటికి పండ్లు ఎక్కువ మాగాలి. గోతాల్లో పోసి పారే ఏటిలో వారం పది రోజులు ముంచి, తొక్క నలిపి కడుగుతారు. నిలవ నీటిలో వేస్తే వాసన పడుతుంది, ధర పోతుంది. నూరు కిలోల పచ్చి గింజకు నల్లవి సుమారు ముప్పై దాకా దక్కితే తెల్లవి అంతకంటే తక్కువే. తెల్లవాటి రేటు ఎక్కువ ఉండటానికి తూకం తగ్గడం ఒక కారణం.

రువాయ్‌లో నడుం మగ్గం మీద నేసే పువా కుంబు అనే గుడ్డ చూడగానే మాకు తేలియా రుమాళ్లు నేసే పుట్టపాక గుర్తొచ్చింది. ఇక్కడ పడుగు నూలునే నేతకు ముందు చిటికి కట్టి (అక్కడక్కడ ముడి బిగించి) రంగు అద్దుతారు. ఎరుపు తొగరు జాతి వేరు నుంచి వస్తుంది. రంగు పట్టాలంటే ముందు నూలును నూనె, అల్లం, ఉప్పుతో నానబెట్టాలి. తేలియా రుమాలుకు మనవాళ్లు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టేదీ ఎరుపు పట్టడం కోసమే.

1985లో ఆనకట్ట పూర్తయింది. 108 మెగావాట్ల కరెంటు కోసం 26 పొడవిళ్లు, సుమారు 3,000 మంది కదలాల్సి వచ్చింది. పోడు కొండల నుంచి రబ్బరు, కోకో తోటల్లోకి మారారు. పోలవరం ముంపు ఊళ్లను చూసినవారికి ఆ మార్పు బరువు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇళ్లకు బదులు ఇళ్లు ఇవ్వవచ్చు, ఇంటి వెనక తాతలు నాటిన దురియన్ చెట్లకు, శ్మశానాలకు బదులు ఏముంది? డెలోక్ ఎగువ ఇళ్లు నీటి మట్టం పైన ఉండి మిగిలాయి.

మిగిలిన చోట కూడా కొన్ని తలుపులకు తాళాలున్నాయి. ఆ కుటుంబాలు పని కోసం పట్నాల్లో ఉన్నాయి. కానీ రువాయ్ ముక్క వారిదే, లెక్కలో తలుపు వారిదే. జూన్ 1న గవాయ్ అనే పంట పండక్కి వచ్చి తెరుస్తారు. లచావులో బిస్కెట్లు కొనేటప్పుడు ఆ తలుపులను కూడా కలుపుకోండి.