మామ మారుతి 800: బిగుసుకుపోయిన బానెట్ సంగతి

పాత 800 పనుల్లో ఈ వారం బానెట్ వంతు. బండి 1997 మోడల్, కార్బ్యురేటర్‌ది, మా మామ ఏళ్ల తరబడి ఎర్రగుంట్ల నుంచి కడపకు తిప్పిన బండి. ఇంటికి తెచ్చుకున్నప్పటి నుంచి డ్యాష్‌బోర్డు కిందున్న బానెట్ లివర్ లాగితే బానెట్ ఒకసారి లేచేది, ఇంకోసారి లేచేది కాదు. ఇప్పుడు పూర్తిగా మొరాయించింది. ఆయిల్ చూడాలన్నా, కూలెంట్ పోయాలన్నా, బ్యాటరీకి చార్జర్ తగిలించాలన్నా అది తెరిస్తేనే కదా, అందుకే బ్రేకుల పని పక్కన పెట్టి దీని మీద పడ్డాను.

లోపల జరిగేది చిన్న సంగతే. లివర్‌కి ఒక స్టీలు తీగ కట్టి ఉంటుంది. అది నల్లటి తొడుగులోంచి ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ) దాటి ముందుకొచ్చి లాక్‌కి తగులుకుంటుంది. తీగ కదలాలి, తొడుగు కదలకూడదు, అంతే. లాగితే లాక్‌లో కొక్కెం పక్కకు తప్పుకుంటుంది, స్ప్రింగు బానెట్‌ని కొంచెం పైకి తంతుంది. ఆ సందులో వేలు పెట్టి ఎత్తే సేఫ్టీ కొక్కెం వేరే ఉంటుంది.

శనివారం సాయంత్రం మొదలుపెట్టాను, ఎందుకంటే మధ్యాహ్నం కడప ఎండలో బానెట్ రేకు మీద చెయ్యి ఆనదు. లివర్ లాగినప్పుడు చేతికి ఏం తెలుస్తోందో గమనించండి, సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. బరువే లేకుండా వదులుగా వచ్చేస్తే తీగ తెగింది, లేదా దాని చివరి నిపిల్ (తీగను పట్టి ఉంచే చిన్న లోహపు గుండు) ఊడింది. రాయిలా కదలకపోతే తొడుగులో తీగ తుప్పు పట్టింది, లేదా లాక్ బిగుసుకుంది. మాది ఈ రెండూ కాదు, కొంచెం బరువుగానే మొత్తం వెనక్కి వస్తోంది కానీ ముందు ఏమీ జరగట్లేదు. అంటే లాగుడు మధ్యలో ఎక్కడో కారిపోతోంది.

ముందు అందరూ చేసే పనే చేశాం. తమ్ముడు బానెట్ ముందు అంచు మీద, నడిమధ్య, రెండు అరచేతులూ పెట్టి కిందికి నొక్కుతుంటే నేను లివర్ లాగాను. కింద ఉన్న రబ్బర్లూ స్ప్రింగూ బానెట్‌ని ఎప్పుడూ పైకి తోస్తుంటాయి, ఆ బరువంతా కొక్కెం మీదే పడుతుంది, పైనుంచి నొక్కితే ఆ బిగువు తగ్గి కొక్కెం సులువుగా జారుతుంది. చాలా బండ్లకు దీంతోనే పని అయిపోతుంది. నొక్కడమే, గుద్దొద్దు, 800 రేకు పల్చన, సొట్ట పడితే డెంటింగ్ ఖర్చు అదనం. మాకు లోపల "టక్" అని చిన్న శబ్దం వచ్చింది కానీ తెరుచుకోలేదు.

ఆదివారం పొద్దున డ్రైవర్ సీటు వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కిందికి టార్చి వేశాను. అక్కడ దొరికింది దొంగ. తొడుగు చివర చిన్న ఇనుప టోపీ ఉంటుంది, అది బ్రాకెట్ గాడిలో కూర్చుని ఉండాలి. మా బండిలో గాడి ఒక అంచు విచ్చుకుపోయి టోపీ బయటికి దూకేసింది. లివర్ లాగినప్పుడల్లా తీగతో పాటు తొడుగు కూడా ఒక అంగుళం వెనక్కి వస్తోంది, ఇక ముందున్న లాక్‌కి లాగుడు ఏం చేరుతుంది?

కటింగ్ ప్లేయర్‌తో తీగ పట్టుకుని గుంజబోతుంటే, ఎదురింటి అన్న తలుపులోంచి తొంగిచూసి ఒక్క కేక వేశాడు. "అట్ల గుంజద్దప్పా, నిపిల్ ఊడిపోతాది! తొడుగు గట్టిగా పట్టుకోని మెల్లగా లాగు." ఆయన చానా ఏళ్లు టాక్సీ తిప్పినాయన, మాట విన్నాను. ఎడమ చేత్తో తొడుగును బ్రాకెట్‌కి అదిమిపెట్టి, ప్లేయర్‌తో తీగను తిప్పకుండా నేరుగా లాగాను, బయట తమ్ముడు నొక్కుతూనే ఉన్నాడు. ఠప్‌మని లేచింది.

అలా కూడా రాకపోతే గ్రిల్ సందులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో లాక్ మీదున్న చిన్న రేకును తోయాలి. గ్రిల్ విప్పుదామంటే చాలా కార్లలో కొన్ని స్క్రూలు బానెట్ తెరిస్తేనే అందుతాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, తాళం చెవి జేబులో ఉండాలి. కొన్ని కార్లలో ఇగ్నిషన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. స్క్రూడ్రైవర్ జారి రేడియేటర్ రెక్కల్లో దిగితే ఇంకో పెద్ద పని తగులుకుంటుంది. కిందినుంచి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కిందికి వెళ్లొద్దు, స్టాండ్లు పెట్టండి.

తెరిచాక లాక్ చూస్తే తెలిసింది, బ్రాకెట్ ఎందుకు విచ్చుకుందో. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, ఆ రోడ్డు దుమ్మంతా పాత గ్రీజులో కలిసి, వానకు తడిసి, కొక్కెం ఇరుసు చుట్టూ బూడిదరంగు పెచ్చులా గట్టిపడింది. గోరుతో గీస్తే పొడి రాలుతోంది. లాక్ కదలకపోతే లాగేవాడు ఇంకా బలంగా లాగుతాడు, ఆ బలమంతా పోయి బ్రాకెట్ మీద పడింది. బ్రాకెట్ ఒక్కటి వంచి సరిచేసుకుంటే నెలలో మళ్లీ అదే కథ.

లాక్ బోల్టులు విప్పేముందు వాటి చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, మళ్లీ అదే చోట బిగించకపోతే బానెట్ వంకరగా కూర్చుంటుంది. విప్పిన లాక్‌ని డీజిల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమాను, సందుల్లో డబ్ల్యూడీ-40 కొట్టాను. అది జిడ్డు, తుప్పు వదిలించడానికి బాగుంటుంది కానీ దాన్నే గ్రీజు అనుకుని వదిలేస్తే కొన్నాళ్లకే ఆరిపోతుంది. పూర్తిగా తుడిచి ఇరుసుకీ కొక్కేనికీ లిథియం గ్రీజు పల్చగా పూశాను. మందంగా మెత్తితే మళ్లీ దుమ్ముకి విందు పెట్టినట్టే.

కేబుల్ కూడా మార్చేశాను. 2014లో ఈ బండి తయారీ ఆగిపోయినా ఇలాంటి చిన్న సామాను ఇంకా దొరుకుతోంది, ఏడు రోడ్ల దగ్గర ఒక స్పేర్ పార్ట్స్ షాపులో మూడు వందల లోపే వచ్చింది. పాతది లాగేసేముందు దాని చివర గట్టి నూలుతాడు కట్టి లాగితే, తాడు అదే దారిలో మిగులుతుంది, దానికి కొత్తది కట్టి వెనక్కి లాగేయొచ్చు. ఫైర్‌వాల్ రబ్బరు దగ్గర కొంచెం సబ్బునీళ్లు రాస్తే జారుతుంది. బ్రాకెట్ గాడిని ప్లేయర్‌తో దగ్గరికి నొక్కి, టోపీ మళ్లీ దూకకుండా పైన ఒక జిప్ టై వేశాను.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, బిగించగానే బానెట్ మూసేయకండి. తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని మూసిన స్థితికి నొక్కి, ఇంకొకరితో లివర్ లాగించి, విడుదలవుతోందో లేదో చూడండి. నాలుగైదు సార్లు బాగా పలికితేనే మూయాలి. మాది బాగానే పలికింది. తర్వాత ముందున్న రబ్బరు స్టాపర్లను కొద్దిగా లోపలికి తిప్పాను, అవి మరీ ఎత్తుగా ఉండి కొక్కేన్ని బిగబట్టేస్తున్నాయి.

చివరగా లాక్ రేకుకి స్కూటర్ క్లచ్ తీగ ముక్క ఒకటి స్క్రూ నిపిల్‌తో బిగించి, ఫ్యాన్‌కి దూరంగా, బంపర్ లోపలి వైపుకు దించి పెట్టాను. రేపు కొత్త కేబుల్ తెగినా దాన్ని లాగితే చాలు. ఎక్కడ దాచానో మాత్రం ఇక్కడ రాయను, బ్యాటరీ కొత్తది. వచ్చే వారం బ్రేకులు, వెనక డ్రమ్ములు విప్పాలి.